మేస్త్రీ గారూ, ఇంట్లోనే స్లైడర్లు చేసుకోవచ్చా?

ప్రశ్న: నాది 2021 థార్. మారేడుమిల్లి దగ్గర వాగు దాటుతుంటే బండి పక్కకి జారి రాయి మీద కూర్చుంది. ఎడమ డోర్ కింద బాడీ అంచు సొట్టపోయింది. మామూలు ఫుట్‌స్టెప్పులు రాళ్లకి ఆగవు, రాక్ స్లైడర్లు (డోర్ల కింద బండి పొడవునా వేసే గట్టి ఇనుప పైపులు) వేయించమంటున్నారు. మా బావమరిదికి వెల్డింగ్ మిషను ఉంది. మేమే చేసుకోవచ్చా? ఏ పైపు తీసుకోవాలి?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: చేసుకోవచ్చండీ. పైపు సంగతి తరవాత, ముందు దాన్ని దేనికి అతికిస్తారన్నది తేల్చుకోండి.

ఆటోనగర్‌లో షెడ్డు పెట్టిన కొత్తలో ఒక బొలేరోకి డోర్ల కింద బాడీ అంచుకే పైపు అతికించి ఇచ్చాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది. నెల తిరక్కుండానే బండి వెనక్కొచ్చింది. పైపు చెక్కుచెదరలేదు, దాన్ని పట్టుకున్న రేకే లోపలికి మడతపడింది. డ్రైవర్ డోర్ బిగుసుకుపోయింది. ఆయన అవతలి డోర్‌లోంచి దిగొచ్చి నా ముందు నిలబడి ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది.

మీ థార్‌కి కింద నిచ్చెనలాంటి చాసిస్, దాని మీద రబ్బరు బుష్‌లు, వాటి మీద బాడీ. గతుకుల్లో చాసిస్ ఒకలా, బాడీ ఒకలా కదులుతాయి. కాబట్టి స్లైడర్ కాళ్లు, అంటే పైపుని పట్టుకునే అడ్డ ముక్కలు, చాసిస్ నుంచే రావాలి. పైపుకీ బాడీకీ మధ్య కనీసం 20 మి.మీ. సందు వదలండి. లేకపోతే గతుకు వచ్చినప్పుడల్లా టకటకమని కొట్టుకుంటాయి.

పైపు 40 ఎన్‌బీ (దుకాణంలో సైజు ఇలాగే చెబుతారు), సీ క్లాస్ అంటే మందం రకం, జింకు పూత లేని నల్లది తీసుకోండి. బయటి వ్యాసం 48.3 మి.మీ., మందం 4 మి.మీ. దుకాణంలో ఎర్ర పట్టీ ఉందో లేదో చూడండి. నీలం పట్టీ ఉంటే అది బీ క్లాస్, 3.25 మి.మీ. మందమే. ఇంట్లో మిగిలిన జీఐ (జింకు పూత పూసిన) నీళ్ల పైపు ఉందని మాత్రం దాని జోలికి పోకండి. వెల్డింగ్‌లో లేచే జింకు పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. నాకు ఒకసారి వచ్చింది, మలేరియా అనుకుని మా ఆవిడ కంగారు పడింది.

ఒక్కో వైపు నాలుగు కాళ్లు, చోటు లేకపోతే మూడు. కాలు నేరుగా చాసిస్‌కి అతికించొద్దు. మధ్యలో 6 మి.మీ. ప్లేటు వెయ్యండి, దాని మూలలు గుండ్రంగా తియ్యండి. చాసిస్‌కి అడ్డంగా, పైనుంచి కిందికి గీత గీసినట్టు వెల్డింగ్ వేస్తే పగులు అక్కడే మొదలవుతుంది. కాళ్ల మీద పైపులు రెండు వస్తాయి, లోపల ఒకటి, బయట ఒకటి. బయటి పైపు లోపలి దానికంటే కాస్త ఎత్తులో ఉండేలా కాళ్లని పైకి వాలుగా పెట్టండి. అంతా కలిపి ఒక్కో వైపు 20 కిలోల దాకా పెరుగుతుంది.

మిషను ఆన్ చేసే ముందు బ్యాటరీ మైనస్ తీసెయ్యండి. ఎర్త్ క్లాంపు వెల్డ్ చేసే చోటికి జానెడు దూరంలోనే పట్టించండి. ఎక్కడో బంపర్‌కి తగిలిస్తే కరెంటు ఏ దారిన పోతుందో మన చేతిలో ఉండదు, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటరు) పోతే ఆ ఖర్చు స్లైడర్ల ఖర్చుని మించుతుంది. చాసిస్ వెనక డీజిల్ గొట్టం, బ్రేక్ పైపు, వైర్లు ఎక్కడెక్కడున్నాయో వేలితో తడిమి చూసుకోండి. పక్కన ఇసుక బకెట్టుతో ఒక మనిషిని నిలబెట్టండి.

బావమరిది గారు గేట్లూ గ్రిల్సూ చేసే చెయ్యేనా? అయితే ముందు ఒక తుక్కు ప్లేటుకి కాలు అతికించి, వైస్‌లో బిగించి పెద్ద సుత్తితో కొట్టమనండి. పైపు వంగినా పరవాలేదు, అతుకు ఊడకూడదు. ఊడిందా, పైపులు మీరు కోసుకుని అతుకులు మాత్రం తెలిసిన మనిషి చేత వేయించండి.

బండి వారంటీలో ఉంటే వెల్డింగ్ మాట మరిచిపోయి, బోల్టులతో బిగించే రకం చూడండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా ఉంది, బండిలో మార్పుల మీద. ఆర్టీవో ఆఫీసులోనూ ఇన్సూరెన్సు వాళ్లనీ ముందే అడగడం మంచిది.

అంతా అయ్యాక స్లైడర్ మధ్యలో జాకీ పెట్టి, ఆ వైపు రెండు చక్రాలూ నేల వదిలేదాకా లేపండి. కింద ఎవరూ ఉండకూడదు. అప్పుడు ఎడమ డోర్ తెరిచి మూసి చూడండి. ఎప్పటిలాగే పడిందా, రంగు కొట్టుకోండి.