‘ఇక’ ఎక్కడ, ‘ఇంకా’ ఎక్కడ?

‘ఇంకా వెళ్దాం పద’ అని రాస్తే తప్పా, ‘ఇక’, ‘ఇంకా’ రెండూ ఒకటే కదా అని అడిగారు. ఒకటి కాదండీ. నేను ఒక పత్రికకు చాలాకాలం ప్రూఫులు దిద్దాను. పదే పదే సరిచేయాల్సి వచ్చిన మాటల్లో ఇదొకటి.

జరుగుతున్నది ఆగలేదన్నా, ఉన్నది చాలదన్నా ‘ఇంకా’. ‘బాబు ఇంకా నిద్రపోతున్నాడు’, ‘ఇంకా కొంచెం పప్పు వెయ్యి’. ‘ఇక’ అన్నచోట గీత పడుతుంది, అప్పటిదాకా ఉన్న సంగతి అక్కడితో మారిపోతుంది. ‘ఇక చాలు’, ‘ఇక మీ ఇష్టం’. కాబట్టి మీరు ‘ఇక వెళ్దాం పద’ అనే రాయాలి. ‘ఇంకా వెళ్దాం’ అంటే వచ్చిన దూరం చాలదు, మరికాస్త ముందుకు పోదామని.

వ్యతిరేక వాక్యాల్లో జాగ్రత్త మరీ అవసరం. ‘బస్సు ఇంకా రాలేదు’ అంటే స్టాపులో నిలబడొచ్చు. ‘బస్సు ఇక రాదు’ అంటే ఆటో చూసుకోవాల్సిందే. ‘ఆయన ఇక లేరు’ అనేది చావు కబురు, అక్కడ ‘ఇంకా’ పెట్టి చూడండి ఎంత ఘోరంగా ఉంటుందో! అయితే ఎదురుచూస్తూ ‘వీడు ఇంకా రాడేం?’ అనడం సరైనదే.

మా పిన్ని ఒకసారి వాట్సాప్‌లో ‘డాక్టరుగారు ఆ మాత్ర ఇంకా వేసుకోవద్దన్నారు’ అని పెట్టింది. రిపోర్టులు వచ్చేదాకా మొదలుపెట్టొద్దనా, వేసుకుంటున్నది ఆపేయమనా? ఫోన్ చేసి అడిగితే, ఆపేయమన్నారట. ‘ఇక వేసుకోవద్దన్నారు’ అని ఉంటే మాకు ఆ టెన్షన్ ఉండేది కాదు. మందుల విషయంలో, డబ్బు విషయంలో ఈ తేడా తప్పకుండా పాటించాలని అందుకే గట్టిగా చెబుతాను.

గందరగోళం ఎందుకొస్తుందంటే, మాట్లాడేటప్పుడు ‘ఇక’ను చాలామంది ‘ఇంక’ అంటారు. ‘ఇంక చాల్లే’ అన్నట్టు. అది తప్పేమీ కాదు. పాత పుస్తకాల్లో అరసున్నతో ‘ఇఁక’ అని కనిపిస్తుంది కూడా. మాటలో అయితే పలికే తీరును బట్టి అర్థమైపోతుంది. రాతలో ఆ ‘ఇంక’కు దీర్ఘం తగిలిస్తేనే చిక్కు.

సందేహం వస్తే ఆ చోట ‘ఇప్పటికీ’ గానీ ‘మరింత’ గానీ పెట్టి చదవండి. ఏదో ఒకటి అతికితే ‘ఇంకా’, రెండూ అతకకపోతే దాదాపు ఎప్పుడూ ‘ఇక’. ఒక విషయం ముగించి మరోదానికి వెళ్లేటప్పుడు, ‘ఇక ధర సంగతికొస్తే’ అన్నచోట కూడా అంతే.