మెట్ల కింద టాయిలెట్ పెట్టించే ముందు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఇంగ్లండ్‌లోని స్లౌలో 1930ల నాటి సెమీ, అంటే ఒక పక్క గోడను పక్కింటితో పంచుకునే ఇల్లు, కొన్నావు. బాత్రూమ్ పైన ఒక్కటే ఉంది. మే నెలలో అమ్మానాన్న వస్తున్నారు, నాన్నగారికి మోకాలి ఆపరేషన్ అయింది. మెట్ల కింద సామాన్లు పెట్టుకునే చోట టాయిలెట్ పడుతుందా, ఎంతవుతుంది అని అడిగావు. పడుతుంది. మా ఇంట్లో పట్టింది. కాకపోతే ఆ ఒక్క టాయిలెట్‌కు మేం రెండుసార్లు డబ్బు పోశాం. నీకు ఆ రెండో ఖర్చు రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మేం 2004లో తెనాలి నుంచి వచ్చాం, 2011లో రెడింగ్‌లో ఇల్లు కొన్నాం. ఇల్లు చూసేటప్పుడు స్కూలు ఎంత దూరం, స్టేషన్ ఎంత దూరం, వంటిల్లు ఎంత ఉంది, ఇవే చూశాం. కింద టాయిలెట్ లేదన్నది మాకు లోటుగానే తోచలేదు. ఇంగ్లండ్‌లో కొత్తగా కట్టే ఇళ్లకు గుమ్మం ఉన్న అంతస్తులోనే టాయిలెట్ ఉండాలన్న నియమం 1999లో వచ్చింది. అంతకుముందు కట్టిన ఇళ్లు చాలావాటిలో పైన ఒక్కటే ఉంటుంది. మేం ఇద్దరం ముప్పయ్యేళ్ల వాళ్లం, రోజుకు పదిసార్లు మెట్లెక్కినా తెలియదు.

2013 వేసవిలో మామయ్యగారు, అత్తయ్య ఆరు నెలల కోసం వచ్చారు. మామయ్యగారికి షుగరు, మోకాళ్ల నొప్పులు. కింద ముందు గదిలోనే మంచం వేశాం. మెట్లు పదమూడు. మూడో వారంలో ఒకరోజు ఆయన కళ్లు తిరిగి సోఫాలో కూలబడ్డారు. ఒంట్లో నీరు బాగా తగ్గిపోయిందన్నారు డాక్టరు. ఆ రాత్రి అత్తయ్య నన్ను వంటింట్లోకి పిలిచి చెప్పారు. చీకట్లో మెట్లెక్కాల్సి వస్తుందని ఆయన సాయంత్రం నాలుగు దాటితే మంచినీళ్లు ముట్టుకోవడం లేదట. కోడలికి ఈ సంగతి ఎలా చెబుతామని ఇద్దరూ మూడు వారాలు నోరు మూసుకున్నారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నువ్వు మీ వాళ్లు రాకముందే ఆలోచిస్తున్నావు చూడు, నాకు అందుకే ముచ్చటేసింది.

ముగ్గురు బిల్డర్లు వచ్చి చూశారు. ఒకాయన 5,200 పౌండ్లు అన్నాడు, ఇంకొకాయన 4,600, మూడో ఆయన 2,100. అప్పట్లో పౌండు దాదాపు వంద రూపాయలు. నేను చేసిన పెద్ద తప్పు అక్కడే జరిగింది. ప్రతి అంకెనూ రూపాయల్లోకి మార్చుకున్నాను. ఒక్క టాయిలెట్‌కు ఐదు లక్షలా, ఆ డబ్బుతో తెనాలిలో మా నాన్న డాబా మీద ఒక గదే వేయించేవారు కదా అని గుండె గుభేలుమంది. 2,100 ఆయనకే ఇచ్చేశాం. సగం ముందుగానే, నోట్ల రూపంలో, రసీదు లేకుండా. మిగతా ఇద్దరూ ఎందుకు అంత అడిగారో కనుక్కోవాలన్న ఆలోచనే రాలేదు.

ఆయన ఎందుకు తక్కువకు చేశాడో తర్వాత అర్థమైంది. నేల తవ్వలేదు. కమోడ్ వెనక మేసరేటర్ అనే మోటారు పెట్టె పెట్టి, దాంట్లోంచి సన్న పైపు లాగి దూరంగా ఉన్న పెద్ద పైపుకు కలిపాడు. లోపల పడినదాన్ని అది మెత్తగా చేసి పంపు చేస్తుంది. ఆ పెట్టె ఎప్పుడూ పనికిరాదని నేను అనను. ఇంట్లో మామూలు డ్రైనేజీకి కలిసిన టాయిలెట్ ఇంకొకటి ఉంటే నిబంధనలూ ఒప్పుకుంటాయి. వేరే దారే లేని ఇళ్లకు అదే గతి. కానీ రాత్రి రెండింటికి ఫ్లష్ చేస్తే మిక్సీ వేసినట్టు ఇల్లంతా వినిపించేది. మనవడు లేస్తాడని మామయ్యగారు తెల్లవారే దాకా ఫ్లష్ చేసేవారు కాదు. ఒకసారి ఎవరో తడి వైప్స్ వేశారు, మోటారు బిగుసుకుపోయింది. పొరపాటు తనదేమోనని ఆ పెద్దాయన రెండు రోజులు ముఖం చిన్నబుచ్చుకున్నారు.

ఇక నేల సంగతి. అత్తయ్య మన ఊళ్లో అలవాటు ప్రకారం రెండు బకెట్ల నీళ్లు పోసి టాయిలెట్ కడిగారు. ఇక్కడ ఇళ్లలో నేలకు తూము ఉండదని ఆమెకు ఎలా తెలుస్తుంది? ఆ నీళ్లు నేల మీద పరిచిన షీటు అంచుల్లోంచి కింది చెక్కలోకి దిగాయి. రెండు నెలలకు చెక్క ఉబ్బి, షీటు లేచి, కమోడ్ ఊగడం మొదలుపెట్టింది. తప్పు ఆమెది కాదు, ముందే చెప్పని నాది. ఫ్యాన్ గాలిని గోడలోంచి బయటికి పంపాల్సింది పోయి ఆ బిల్డర్ మెట్ల లోపలి ఖాళీలోకి వదిలేశాడు. చలికాలం వచ్చేసరికి మెట్ల కార్పెట్టుకు ముక్కిన వాసన, చెక్కకు నల్ల బూజు. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

2015లో అంతా పీకేసి మళ్లీ చేయించాం. ఈసారి 4,300. ముందు పోసిన 2,100 కలిపితే 6,400. మొదట ఎక్కువ అనుకున్న 5,200 కన్నా పన్నెండు వందలు ఎక్కువే పోయింది. ఆ పన్నెండు వందలు సంపాదించడానికి మా వారు ఎన్ని శనివారాలు పనిచేశారో నాకు తెలుసు.

రెండోసారి వచ్చిన బిల్డర్ ఇంట్లోకి రాకముందే పక్క సందులోకి వెళ్లి మ్యాన్‌హోల్ మూత ఎత్తాడు. పైన బాత్రూమ్‌లో కుళాయి తిప్పమని, నీళ్లు ఏ పైపులోంచి వస్తున్నాయో చూశాడు. టేపుతో లోతు కొలిచాడు. ఖర్చంతా తేల్చేది ఆ ఐదు నిమిషాలే తమ్ముడూ. కమోడ్ నుంచి వెళ్లే పైపు 110 మిల్లీమీటర్లది. మామూలుగా నలభైకి ఒకటి వాలు పెడతారు, అంటే మీటరుకు రెండున్నర సెంటీమీటర్లు దిగాలి. సెమీ ఇళ్లలో మెట్లు చాలావరకు పక్క సందు వైపు గోడనే ఆనుకుని ఉంటాయి. నీ ఇల్లూ అలాగే ఉండి, మ్యాన్‌హోల్ ఆ సందులోనే ఉంటే నీ అదృష్టం, పైపు గోడ దాటితే చాలు. వరుస ఇళ్ల మధ్యలో ఉన్న టెర్రస్ ఇంట్లో అయితే ఇంటి కిందుగా ముందుకో వెనక్కో పైపు లాగాలి, ఖర్చు పెరుగుతుంది. బయటి గోడకు కింద చిల్లుల ఇటుకలు కనిపిస్తే మీది చెక్క నేల అయ్యుండొచ్చు. అప్పుడు కింద ఖాళీ ఉంటుంది, పని సులువు. కాంక్రీటు నేల అయితే పగలగొట్టాలి.

మెట్ల కింద కరెంటు మీటరో గ్యాస్ మీటరో ఉందేమో ఇవాళే చూడు. వాటిని మీ బిల్డర్ కదపకూడదు, సంబంధిత కంపెనీ వాళ్లే వచ్చి మార్చాలి. దానికి వేరే డబ్బు, వేరే తేదీ. ఈ ఒక్కటి చూసుకోక బడ్జెట్ తలకిందులైన వాళ్లు మా స్నేహితుల్లోనే ఇద్దరున్నారు.

కొలతలకు వస్తే, 80 సెంటీమీటర్ల వెడల్పు, 140 పొడవు ఉంటే ఇబ్బంది లేకుండా సరిపోతుంది. 70 వెడల్పులో కూడా పెడతారు కానీ మోకాలి ఆపరేషన్ అయిన మనిషికి మోచేతులు ఆడే చోటు కావాలి. కమోడ్‌ను మెట్లు కిందికి వాలిన వైపు పెట్టించు. కూర్చునేటప్పుడు తల మీద అంత ఎత్తు అక్కర్లేదు, లేచి నిలబడే చోట కావాలి. కమోడ్ ఆకారంలో న్యూస్‌పేపర్ కత్తిరించి నేల మీద అతికించు, అక్కడ కుర్చీ వేసి కూర్చుని లేచి చూడు. నీ ఎత్తుకు కాదు, నాన్నగారి ఎత్తుకు. మామూలు కమోడ్ కన్నా నాలుగైదు సెంటీమీటర్లు ఎత్తుగా ఉండేవి దొరుకుతాయి, అదే తీసుకో. పట్టుకోవడానికి గోడకు రాడ్డు బిగించాలంటే గోడకు వేసే ప్లాస్టర్‌బోర్డు పలక వెనక మందపాటి ప్లైవుడ్ ఉండాలి. గోడ మూయకముందు పెడితే కొద్దిపాటి ఖర్చు, తర్వాత అయితే గోడ మళ్లీ విప్పాలి. తలుపు తప్పకుండా బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపు తియ్యలేం.

వాష్‌బేసిన్ మూలకు అమర్చే చిన్నది చాలు. కమోడ్ మీద కూర్చుని చెయ్యి చాస్తే కుళాయి అందేలా పెట్టించు, చెంబు నింపుకోవడం సులువు. మనవాళ్లు ఆన్‌లైన్‌లో హెల్త్ ఫాసెట్ కొని నేరుగా మెయిన్ నీటి పైపుకు తగిలిస్తున్నారు. అలా పెట్టకూడదు. మురికి నీరు వెనక్కి లాగి తాగే నీటిలో కలిసే ప్రమాదం ఉందని ఇక్కడి నీటి నిబంధనలు దాన్ని ఒప్పుకోవు. కావాలంటే ఆ నిబంధన తెలిసిన ప్లంబర్‌తో మధ్యలో విడిగా చిన్న ట్యాంకు పెట్టించాలి. మేం చెంబుతోనే సరిపెట్టుకున్నాం.

నియమాలు కౌన్సిల్ (ఇక్కడి మున్సిపాలిటీ) వెబ్‌సైటులో ఉంటాయి, చదువుకో. మామూలు ఇంటికి ప్లానింగ్ అనుమతి అక్కర్లేదు కానీ బిల్డింగ్ కంట్రోల్, అంటే పని నిబంధనల ప్రకారం జరిగిందో లేదో చూసే వాళ్లకు చెప్పాలి. డ్రైనేజీ, కరెంటు, గాలి వాళ్లు చూస్తారు. చివర్లో ఇచ్చే సర్టిఫికెట్ జాగ్రత్త చెయ్యి, ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ల లాయర్ అడుగుతాడు.

ఇప్పుడు డబ్బు మాట. నీ ప్రశ్నలో ఒక వాక్యం నన్ను కలవరపెట్టింది. ఇంటికి డిపాజిట్ కట్టాక చేతిలో ఏడు వేల పౌండ్లే మిగిలాయని, అవసరమైతే పర్సనల్ లోన్ తీసుకుంటానని రాశావు. నువ్వు స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నావు. ఉద్యోగం పోతే సాధారణంగా అరవై రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ను, అంటే వీసాకు పూచీ ఉండే కంపెనీని, వెతుక్కోవాలి. ఆ అరవై రోజులూ మార్ట్‌గేజ్ (ఇంటి అప్పు వాయిదా) ఆగదు. 2009లో మా వారి కాంట్రాక్టు ఒక శుక్రవారం సాయంత్రం ఆగిపోయింది. అప్పటికి అద్దె ఇల్లే కాబట్టి చిన్న ఇంటికి మారి గట్టెక్కాం. మీ వయసులో జీతం ప్రతి నెలా వస్తూనే ఉంటుందనిపిస్తుంది, మాకూ అనిపించింది. నాలుగు నెలల మార్ట్‌గేజ్, కౌన్సిల్ ట్యాక్స్, కరెంటు, గ్యాస్ పక్కన పెట్టాకే పని మొదలుపెట్టు. అంత లేకపోతే ఈ సంవత్సరం టాయిలెట్ వద్దు. నాన్నగారి గదిలో కమోడ్ కుర్చీ పెట్టు, తప్పేం లేదు. సిగ్గుపడతారని నువ్వే ఊహించుకోకు, వీడియో కాల్‌లో నోరు తెరిచి అడుగు. మా ఇంట్లో అడగకపోవడం వల్లే అంత జరిగింది.

పని మొదలుపెడితే మూడు కొటేషన్లు కాగితం మీద తీసుకో. అంకె పక్కన వ్యాట్ కలిపారా లేదా అని అడుగు, ఇరవై శాతం అంటే చిన్న మొత్తం కాదు. పైపు ఏ దారిన వెళ్తుంది, ఫ్యాన్ గాలి ఎక్కడికి పోతుంది, బిల్డింగ్ కంట్రోల్‌కు ఎవరు చెబుతారు, ఈ మూడూ అందులో రాయించు. ముందుగా సామాన్ల వరకే డబ్బివ్వు, పని జరిగేకొద్దీ మిగతాది, చివరి వాటా సర్టిఫికెట్ చేతికొచ్చాకే. బ్యాంకు ద్వారానే ఇవ్వు. టైల్స్‌లో, కుళాయిలో, అద్దంలో ఎంతైనా తగ్గించుకో. పైపులో, నేలలో, ఫ్యాన్‌లో ఒక్క పౌండు తగ్గించకు. రూపాయల్లోకి మాత్రం మార్చి చూడకు.

మామయ్యగారు 2016లో మళ్లీ వచ్చారు. రాత్రి పడుకునే ముందు ఆయన గ్లాసుడు మజ్జిగ తాగుతుంటే నేను వంటింట్లోంచి చూశాను. ఆ 4,300 గురించి ఆ తర్వాత నేను బాధపడలేదు.

ఈ శనివారం మ్యాన్‌హోల్ మూత ఎత్తి లోతు కొలువు. మూత బరువుగా ఉంటుంది, ఒక్కడివే ఎత్తకు. మెట్ల కింద వెడల్పు, పొడవు, ఎక్కువ ఎత్తు, తక్కువ ఎత్తు, మీటరు ఉందో లేదో, బయట చిల్లుల ఇటుకలు ఉన్నాయో లేదో రాసి పంపు. అవి తెలిస్తే నీ ఏడు వేలలో ఇది అవుతుందో కాదో నేను దాదాపుగా చెప్పగలను.