పాలసీ కన్నా ముందు ఆ నొప్పి మాత్ర సంగతి చూడండి

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట మండలం. మా ఆయనకు 52 ఏళ్లు, జీడి తోటల్లో కూలి పని. ఆరేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. డబ్బు లేనప్పుడు బీపీ మాత్రలు మానేస్తారు. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో మాత్ర తెచ్చుకుని వేసుకుంటారు. పోయిన నెల క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష) 2.1 వచ్చింది. మాకు ఎన్టీఆర్ వైద్యసేవ ఉంది. ఏడాదికి రూ.18 వేల ప్రైవేటు పాలసీ మేలని ఒక ఏజెంటు అంటున్నారు. తీసుకోమంటారా? 72 ఏళ్ల మా అత్తగారికి ఏది పనికొస్తుంది?

జవాబు: పాలసీ గురించి చెబుతానమ్మా. కానీ నాకు కంగారు పుట్టించింది ఆ మోకాళ్ల మాత్ర. పేరు రాయలేదు. షాపులో నొప్పికని అడిగితే ఎక్కువగా డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి చేతిలో పెడతారు. అవి కిడ్నీకి రక్తం అందడాన్ని తగ్గిస్తాయి. ఎండలో చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగక, సాయంత్రం ఆ మాత్ర వేసుకుంటే దెబ్బ ఇంకా ఎక్కువ. 52 ఏళ్ల మగవారికి క్రియాటినిన్ 2.1 అంటే ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం, సుమారు 37. ఇది బాగా తక్కువ. మాత్ర వల్ల క్రియాటినిన్ తాత్కాలికంగా పెరిగి ఉండొచ్చు, జబ్బే ముదిరి ఉండొచ్చు. చూడకుండా నేను తేల్చలేను. ఈరోజే ఆ మాత్ర ఆపించండి. నొప్పికి ఏం వాడాలో డాక్టరును అడగండి. మీ ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇన్నేళ్లుగా వెతుకుతున్నా తేలలేదు. అలాంటి చోట తెలిసి తెలిసి ఇంకో కారణాన్ని ఎందుకు కలుపుకోవాలి? నెల రోజులు ఆ రిపోర్టు ఇంట్లో ఉంచుకోవడం కూడా తప్పేనమ్మా.

ఇక పాలసీ. కొత్త ప్రైవేటు పాలసీలో అప్పటికే ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు ఆగాలనే షరతు ఉండొచ్చు. ఉన్న జబ్బు దాస్తే క్లెయిమ్ తిరస్కరించే ప్రమాదం ఉంది. "అవేవీ రాయొద్దు" అని ఏజెంటు అంటే సంతకం పెట్టకండి. వైద్యసేవలో పాత జబ్బనే అడ్డు లేదు, డయాలసిస్ కూడా దాని కిందే జరుగుతుంది. 2007లో ఇది ఆరోగ్యశ్రీగా మొదలైన మొదటి మూడు జిల్లాల్లో మనదీ ఒకటి. అయితే ఇది ప్రధానంగా ఆస్పత్రిలో చేసే చికిత్సలకు. నెలనెలా వేసుకునే బీపీ, షుగర్ మాత్రలు పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తారు, అక్కడ అడగండి. డబ్బు లేదని మానేయాల్సిన పని లేదు. పాలసీ కాగితాలు నేను చూడలేదు గానీ, మీ పరిస్థితుల్లో వైద్యసేవనే నమ్ముకోవడం మేలనిపిస్తోంది. ఆస్పత్రికి వెళ్లే ముందు అది పథకంలో ఉందో లేదో 104కి ఫోన్ చేసి కనుక్కోండి.

అత్తగారికి ఆయుష్మాన్ వయ వందన కార్డు తీయించండి. 70 దాటినవారికి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి రూ.5 లక్షల వరకు వర్తిస్తుంది. ఆధార్ ఉంటే చాలు.

మీ ఆయన్ను ఈ వారంలోనే పలాస కిడ్నీ ఆస్పత్రిలో చూపించండి. కాళ్ల వాపు, ఆయాసం వచ్చినా, మూత్రం తగ్గినా అదే రోజు వెళ్లాలి. రక్తపరీక్ష మళ్లీ చేస్తారు, మూత్రంలో ఆల్బుమిన్ (ప్రొటీన్) కూడా చూడమని అడగండి. రిపోర్టులతోపాటు వాడుతున్న అన్ని మాత్రల అట్టలూ పట్టుకెళ్లండి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే డోసు తగ్గించాల్సి రావచ్చు. మీ అంతట మీరు మాత్రం తగ్గించకండి.