ఆ ఇంటి గడప తొక్కేముందు

అమ్మడూ,

మొన్న నీ ఫోన్ వచ్చాక చాలాసేపు నిద్ర పట్టలేదు. మీ గ్రామ సమాఖ్యలో ఇళ్లల్లో కొట్టుడు గొడవలు చూసుకోడానికి అయిదుగురు ఆడవాళ్లతో కమిటీ వేశారనీ, నిన్నే ముందు కూర్చోబెట్టారనీ చెప్పి, "ఎలా మొదలెట్టాలి పెద్దమ్మా" అని అడిగావు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను. అంగన్‌వాడీలో ముప్ఫై రెండేళ్లు చేశాను. పిల్లల బరువులు తూచే వంకతో గడప గడపా తొక్కాను. బాగుచేసినవి కొన్ని ఉన్నాయి, చెడగొట్టినవీ ఉన్నాయి. చెడగొట్టిన దాంతోనే మొదలెడతాను, నాకు పని నేర్పింది అదే కనక.

అప్పటికి నేనీ పనిలోకి దిగి రెండేళ్లు కూడా కాలేదు. ఏటి అవతలి లంకలో ఇద్దరు పిల్లల తల్లి ఒకమ్మాయి చెంప వాచిపోయి సెంటర్‌కి వచ్చింది. నేనేం చేశాను? పెద్దమనుషుల్ని పిలిచి రామాలయం అరుగు మీద తగువు పెట్టించాను. మొగుణ్ణీ పెళ్లాన్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టాం. అతను చేతులు కట్టుకుని "ఆయ్, ఇంకెప్పుడూ చెయ్యెత్తనండి" అన్నాడు. కాగితం రాయించాం. సాక్షి సంతకం నాది. ఇంటికొచ్చి మీ పెదనాన్నతో ఒక కాపురం నిలబెట్టానని గొప్పగా చెప్పుకున్నాను కూడా. తగువులో ఆ పిల్ల నోరు తెరిచి చెప్పిన ప్రతి మాటకీ అతను ఇంటి దగ్గర లెక్క తీర్చుకున్నాడు. నాలుగో రోజుకి ముంజెయ్యి విరిగి ఆసుపత్రిలో ఉంది. చూడ్డానికి వెళ్తే నా మొహం చూడకుండా గోడవైపు తిరిగి పడుకుంది.

అప్పట్నుంచి మొగుడూ పెళ్లాల్ని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించడం మానేశాను. నువ్వు అసలు మొదలే పెట్టకు. భయపడే మనిషి భయపెట్టేవాడి ఎదుట నిజం చెప్పదు. చెప్పిందా, ఇంటికెళ్లాక అనుభవిస్తుంది. ఆమెతో ఒక రోజు, అతనితో మాట్లాడాల్సొస్తే వేరే రోజు, వేరే మనిషి. అది కూడా ఆమె సరేనన్నాకే. మీ కమిటీ పేరు వాళ్లేం పెట్టుకున్నా పెట్టుకోనీ, నువ్వు మాత్రం దాన్ని రాజీల కమిటీ అనుకోకు. ఎన్ని కాపురాలు కలిపామని నెలాఖర్లో లెక్క చెప్పమంటే చెప్పకు. ఆమే, పిల్లలూ ఈ రాత్రి దెబ్బలు తినకుండా పడుకుంటారా అన్నదొక్కటే మన లెక్క.

ఇక వినడం సంగతి. డ్వాక్రా మీటింగులో ఈ మాట ఎత్తకు. వాయిదా డబ్బులు కట్టడానికి వచ్చిన పదిమందిలో ఒకరు ఆ మొగుడికి మేనత్తో, అత్తకి తోడికోడలో అయ్యుంటారు. వాళ్లింటికీ తిన్నగా వెళ్లకు. పిల్లాడికి టీకా వెయ్యాలనో, పొదుపు పుస్తకంలో సంతకం కావాలనో పిలిపించు. రేవు దగ్గర బట్టలుతుకుతున్నప్పుడు కలిసి కూర్చో. నేను చాలా కథలు విన్నది రేవులోనే. బట్ట బండమీద కొడుతూ ఉంటే మొహం ఎదుటివాళ్లకి కనపడదు, మాట తేలిగ్గా వస్తుంది.

"నువ్వేమన్నావు మరి అతన్ని?" అని పొరపాటున కూడా అడగొద్దు. "సర్దుకుపోవే, ఆడదాని పుట్టుకే అంత" అన్న మాట నాలుక చివరకి వచ్చినా మింగెయ్. మన అమ్మలు మనకి అదే చెప్పారు, ప్రేమతోనే చెప్పారు, అయినా తప్పే. నువ్వు చెప్పాల్సింది కొంచెమే. నీ మాట నమ్ముతున్నాను, ఇందులో తప్పు నీది కాదు, ఇప్పుడు నీకేం కావాలి. అంతే. తర్వాత ఊరుకో. ఆ ఊరుకోవడం కష్టం, నీలాంటి మాటకారికి మరీ కష్టం. (కోప్పడకు, మీ అమ్మ పోలికే నీది.)

కొన్ని మాత్రం నువ్వే సూటిగా అడగాలి. గొంతు ఎప్పుడైనా నులిమాడా? కిరసనాయిలో, పెట్రోలో పోస్తానన్నాడా? ఇంట్లో కత్తి తీశాడా? ఈమధ్య దెబ్బలు ఎక్కువయ్యాయా? వీటిల్లో అన్నిటికన్నా భయపడాల్సింది గొంతు నులమడానికి. పైకి కమిలిన గుర్తు కూడా ఉండకపోవచ్చు. గొంతు బొంగురుపోయినా, మింగుడు పడకపోయినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఒకసారి గొంతు మీద చెయ్యేసినవాడు ఇంకోసారి చంపేదాకా పోవచ్చు. "చచ్చిపోవాలనిపిస్తోందా" అని కూడా అడుగు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని కొందరంటారు, అది నిజం కాదు. మన వరిచేల ఊళ్లల్లో పురుగుమందు డబ్బా ప్రతి ఇంట్లో చేతికందుతుంది. ఔనంటే ఆమెని ఒంటరిగా వదలకు, డబ్బా ఆ ఇంట్లోంచి తీయించు. మనసు బాగోలేనివాళ్లకి సర్కారు పెట్టిన టెలీ మానస్ అని 14416 నంబరుంది, తెలుగులోనే మాట్లాడతారు.

ఆసుపత్రిలో ఆమె "నూతి దగ్గర జారిపడ్డానండి" అంటుంది. అందరూ అదే అంటారు. డాక్టరుగారికి ఎవరు కొట్టారో నిజం చెప్పమని దారిలోనే నచ్చజెప్పు, ఎమ్మెల్సీ, అంటే కేసుకి పనికొచ్చే దెబ్బల చీటీ, రాయించు. రేపు కోర్టులో పదిమంది సాక్ష్యం కంటే ఆ చీటీ గట్టిది. నువ్వు కూడా ఒక నోటుబుక్కు పెట్టుకో. తారీకు, ఏం జరిగింది, ఎక్కడ దెబ్బ, ఆమె అన్న మాట అన్నట్టే రాయి. పేరు రాయకు, నీకు తెలిసే గుర్తు ఏదైనా పెట్టుకో. నాకైతే పూల పేర్లుండేవి.

చట్టం నువ్వు చదువుకునే ఉంటావు, అయినా ఊళ్లో చెప్పేలా చెబుతాను. గృహ హింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. దీని పేరెత్తగానే "అమ్మో, మావారిని జైల్లో పెట్టిస్తారా" అని సగం మంది వెనక్కి తగ్గుతారు. అది మొదట జైలు చట్టం కాదు. కొట్టొద్దని, దగ్గరికి రావద్దని కోర్టు ఉత్తర్వు ఇస్తుంది. ఆ ఉత్తర్వు మీరితేనే ఏడాది దాకా జైలు, లేదా 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కాపురం చేసిన ఇల్లు అత్తగారి పేరున ఉన్నా కోడల్ని చట్టప్రకారం తప్ప మెడపట్టి గెంటడానికి వీల్లేదు. ఖర్చులు, పిల్లల్ని తన దగ్గరుంచుకోవడం, పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం, అన్నీ ఒకే అర్జీలో అడగొచ్చు. కొట్టడమే కాదు, బూతులు, అనుమానాలు, ఆమె కూలిడబ్బు లాక్కోవడం కూడా ఈ చట్టంలో హింసే. తాగొచ్చి తల్లిని కొట్టే కొడుకు మీద ఆ తల్లి కూడా వెయ్యొచ్చు. ఈ మాట నువ్వు గట్టిగా చెప్పు, మన ఊళ్లల్లో ముసలమ్మలు ఎవరికీ చెప్పుకోకుండా తిన్న దెబ్బలు చాలా ఉన్నాయి.

ఈ చట్టం కింద సర్కారు పెట్టిన రక్షణ అధికారి ఎవరో ఐసీడీఎస్ (మన అంగన్‌వాడీలని చూసే) ఆఫీసులో అడుగు, జరిగింది వాళ్లే ఫారంలో రాసి మేజిస్ట్రేటుకి పంపుతారు. మూడు రోజుల్లో మొదటి వాయిదా, అరవై రోజుల్లో తేల్చే ప్రయత్నం చెయ్యాలని చట్టంలో ఉంది. అంత తొందరగా అవుతుందని మాత్రం ఆమెకి ఆశపెట్టకు. వకీలు ఫీజు గురించి భయపడనక్కర్లేదు, ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లకి ఉచిత న్యాయసహాయం 1987 చట్టం ప్రకారం హక్కు. ఆ న్యాయసహాయం వాళ్ల నంబరు 15100కి చేస్తే చెబుతారు. పోలీసు కేసు వేరే దారి. మొగుడూ అత్తింటివాళ్లూ పెట్టే హింస మీద ఉన్న పాత 498ఏ సెక్షన్ ఇప్పుడు 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షనయింది, మూడేళ్ల దాకా శిక్ష. వెయ్యాలా వద్దా అన్నది ఆమె ఇష్టం, నువ్వు తొయ్యకు, ఆపకు. మీద పడి కొడుతున్నప్పుడు పోలీసులకి 112, మాట్లాడాలంటే ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181. హింస పడ్డ ఆడవాళ్ల కోసం సర్కారు పెట్టిన సఖి కేంద్రంలో అయిదు రోజుల దాకా తలదాచుకోవచ్చు. మగపిల్లలకి వయసు పరిమితి ఉంటుంది, ఎదిగిన కొడుకున్న తల్లిని తీసుకెళ్లేముందు ఫోన్ చేసి కనుక్కో. ఒకసారి రాత్రిపూట గుమ్మందాకా తీసుకెళ్లి వెనక్కి రావాల్సొచ్చింది నేను.

ఇవన్నీ ఏ ఊరికైనా ఒకటే. మన డెల్టాకి మాత్రం వేరే క్యాలెండరుంది. సంక్రాంతి మూడు రోజులూ కోడిపందేల బరుల దగ్గర పోగొట్టుకున్న డబ్బుకి కనుమ రాత్రి ఆడవాళ్ల ఒంటి మీద లెక్కలు తేలతాయి. పండక్కి వారం ముందే, నీకు తెలిసిన ఇళ్లల్లో బంగారం ఎక్కడుందో, ఆమె ఆ రాత్రికి ఎవరింట్లో పడుకోవచ్చో మాట్లాడిపెట్టు. రొయ్యల చెరువు తిరగబడ్డ ఇళ్లు ఇంకోటి. వైరస్ వచ్చి పంట పోయిందని తెలియగానే ఒకసారి చూసిరా. జులై, ఆగస్టుల్లో వరద గోదావరి పొంగిందంటే లంకలకి పడవ తప్ప దారుండదు, రాత్రి పడవా ఉండదు. లంకలో ఉన్నామెకి నీళ్లు రాకముందే గట్టుమీద ఒకిల్లు చూసిపెట్టాలి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల స్కూలు కాగితాలు జిరాక్సులు తీయించి, రెండు జతల బట్టలతో ఆ ఇంట్లో పెట్టించు. ఫోటోలు తీసి ఫోన్‌లో దాచుకోమనకు, మొగుడు చూసే ఫోను అది.

కువైట్, దుబాయ్ సంగతి నీకు నేను చెప్పాలా. ఆమె అక్కడ ఇంటిపని చేసి పంపిన డబ్బు ఇక్కడ అతను ఖర్చుచేస్తాడు. తిరిగొచ్చి లెక్కడిగితే కొడతాడు, పైగా అక్కడెవరితో తిరిగావంటాడు. వెళ్లేముందే ఆమె ఒక్కదాని పేరున ఖాతా తెరిపించు. ఈ ఒక్క పని సరిగ్గా చేస్తే నీ సగం కేసులు నీ దగ్గరికి రావు.

మగాళ్ల గురించి నీకు కోపమని తెలుసు. అయినా ఎవరో ఒకరు వాళ్లతో మాట్లాడాలి, ఇది నీ పని కాదు. అతను మాట వినే మగమనిషిని, మేష్టారో, చర్చి పాస్టరుగారో, చిన్నప్పటి స్నేహితుడో చూడు. తాగుడు మాన్పించే చికిత్స కావాలంటే పంపించండి. కానీ తాగుడే కారణమని ఆమెకి చెప్పకు. తాగినప్పుడు అతను చెరువు ఆసామిని కొట్టాడా? బస్సు కండక్టరుని కొట్టాడా? చెయ్యి ఇంటిదాకా ఆగి ఇంట్లోనే లేచిందంటే, ఎవరిని కొట్టచ్చో దానికి బాగానే తెలుసు.

పెద్దమనుషులు తగువు పెడతామంటే ఎదురుతిరగకు, అనవసరంగా శత్రువులవుతారు. ఆమె రానంటోందని చెప్పు, చాలు. వస్తానంటే నువ్వూ, ఇంకో ఆడమనిషీ పక్కన కూర్చోండి. తెల్లకాగితం మీద వేలిముద్ర పెట్టనివ్వకండి, కేసు తీసేసుకుంటానని రాయనివ్వకండి.

పిల్లల్ని మర్చిపోతారు అందరూ. ఎనిమిదేళ్లొచ్చినా పక్క తడిపేవాడు, క్లాసులో ఉన్నట్టుండి కొట్టేవాడు, చప్పుడైతే బల్ల కిందకి దూరేవాడు, వీళ్లని చూస్తే నాకు ఇంటి సంగతి అర్థమయ్యేది. అమ్మానాన్నల్లో ఎవరి పక్షమని వాళ్లని అడగొద్దు. గొడవ మొదలైతే పక్కింటికి పరిగెత్తాలని, మధ్యలో అడ్డం వెళ్లొద్దని నేర్పు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు వాళ్లకీ నోటికి రావాలి.

ఇంత చేశాక ఆమె మళ్లీ అతని దగ్గరికే వెళ్లిపోతుంది. నువ్వు ఆటోకి డబ్బులిచ్చి, రాత్రంతా మేలుకుని, ఆఫీసుల చుట్టూ తిరిగాక, సోమవారం పొద్దున్నే సంచి పట్టుకుని వెళ్లిపోతుంది. ఒళ్లు మండిపోతుంది. "మళ్లీ ఎందుకెళ్లావే" అని అడిగావో, ఇంకోసారి నీ దగ్గరికి రాదు. పిల్లల చదువు, తిండి, చెల్లెలి పెళ్లి, ఒక్కోసారి అతని మీద ఇష్టం కూడా, ఆమె లెక్కలు ఆమెకుంటాయి. ఎదురుపడితే మామూలుగా పలకరించు.

నీ సంగతి. ఒక్కదానివే ఏ ఇంటికీ వెళ్లకు. అతను మీ ఇంటి ముందుకొచ్చి అరిస్తే తలుపు తియ్యకు, 112కి చెయ్యి. ఇవన్నీ విన్న రోజు నీకూ అన్నం సహించదు. నేనైతే కాలవగట్టు మీద పుంతదాకా నడిచి వచ్చేదాన్ని.

వచ్చే గురువారం మాకు కొబ్బరి దింపు, ఆ రోజు కుదరదు. శనివారం రా. నా పాత నోటుబుక్కులు అటక మీంచి దింపించాను, చూద్దువుగాని. ఇంకొకరిని కూడా రమ్మన్నాను. ఆ ముంజెయ్యి విరిగినామె. ఇప్పుడు తను వేరుగా ఉంటోంది, రొయ్యల కంపెనీకి పోతోంది, కొడుకు పాలిటెక్నిక్ చదివాడు. తగువు రోజు తనకేం కావాలో ఎవరైనా అడిగుంటే ఏం చెప్పేదో నీకు చెబుతానంది. ముందు కాసేపు నన్ను తిడుతుంది. అడ్డుపడకు, తిట్టనీ.

మీ పెద్దమ్మ