టీవీ పిలిస్తే స్పీకర్ పలుకుతోంది!

ప్రశ్న: మాది విజయనగరం, కోట దగ్గర. మా అబ్బాయి మాట చెబితే పనిచేసే స్పీకర్ ఒకటి తెచ్చి టీవీ పక్కనే పెట్టాడు. సీరియల్ మధ్యలో ప్రకటన రాగానే అది దానంతటదే వెలిగి ఇంగ్లిషులో ఏదో చెబుతోంది, మొన్న రాత్రి మా అత్తగారు హడలిపోయారు. ఎవరైనా మా మాటలు వింటున్నారా? టెన్షన్‌గా ఉందండీ.
– ఒక పాఠకురాలు

జవాబు: దెయ్యమేమీ కాదని అత్తగారికి చెప్పండి. ఆ స్పీకర్ తన పేరు కోసం ఎప్పుడూ చెవి రిక్కించుకునే ఉంటుంది, పిలిచింది మీరా టీవీయా అన్నది మాత్రం దానికి సరిగ్గా తెలియదు, పేరులాంటి మాట వినబడినా లేచి కూర్చుంటుంది. 2017 ఏప్రిల్‌లో అమెరికాలో బర్గర్ కింగ్ వాళ్లు 15 సెకన్ల ప్రకటనలో కావాలనే గూగుల్‌ని పిలిచి తమ బర్గర్ గురించి అడిగించారు, దాంతో ఇళ్లల్లో గూగుల్ హోమ్ స్పీకర్లు వికీపీడియా చదవడం మొదలెట్టాయి (పిలవని పేరంటమంటే ఇదే!). కొన్ని గంటల్లోనే గూగుల్ ఆ ప్రకటనకి స్పీకర్లు పలకకుండా ఆపేసింది. అమెజాన్ అయితే తన ప్రకటనల ధ్వనిని తన స్పీకర్లలో పలికే అలెక్సాకి ముందే గుర్తుపట్టేలా నేర్పి పలకకుండా చూస్తోంది, ప్రతి ప్రకటనకీ అది కుదిరే పని కాదు.

ముందు స్పీకర్‌ని టీవీకి దూరంగా జరపండి, సగం గోల తగ్గుతుంది. సీరియల్ టైములో మైక్ ఆపే బటన్ నొక్కండి. ఇక మాటలు వినడం సంగతంటారా, అది మేలుకున్నాక విన్నది కంపెనీ సర్వర్‌కి వెళ్లొచ్చు, యాప్‌లో చూసి తుడిచేయొచ్చు. స్పీకర్‌కి మాట చెప్పి సామాన్లు కొనే సదుపాయం ఉంటే ఈ రోజే ఆపేయమని అబ్బాయికి చెప్పండి.