ఇటలీలో ఏ ఊళ్ళో ఏం తినాలి?

ప్రశ్న: మా అమ్మాయి బొలోన్యాలో చదువుకుంటోంది. సెప్టెంబరులో నేనూ మావారూ వెళ్ళి రెండు వారాలు ఇటలీ తిరిగి రావాలనుకుంటున్నాం. పిజ్జాలు, పాస్తాలు లక్ష్మీపురంలోనూ దొరుకుతున్నాయి కనుక, ఆయా ప్రాంతాలవారు తరతరాలుగా వండుకునే వంటలే రుచి చూడాలని ఉంది. నేను గుడ్డు కూడా ముట్టని శాకాహారిని. మావారు చేపలు, కోడిమాంసం తింటారు గానీ గొడ్డుమాంసం, పందిమాంసం తినరు. మాకు తగినవి ఎక్కడ దొరుకుతాయో తెలుపగలరు.
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: భోజనం విషయంలో మీ అమ్మాయి ఉన్న ఊరే మీకు అన్నిటికన్నా కష్టమైన ఊరని ముందే చెప్పడం మంచిది. బొలోన్యా ఉన్న ఎమీలియా-రోమాన్యా ప్రాంతానికి వంటల్లో గొప్ప పేరుంది గానీ, ఆ పేరు తెచ్చినవి చాలావరకు మాంసం, గుడ్డు, జున్నులే. అక్కడి తాల్యతెల్లే అనే పాస్తాకు పిండిని గుడ్లతోనే కలుపుతారు. దానితో తినే రగూ అనే చిక్కటి మాంసపు కూరలో గొడ్డుమాంసం, పందిమాంసం రెండూ పడతాయి. (ఈ రగూ ఎలా వండాలో 1982లో స్థానిక వాణిజ్య మండలిలో నమోదు చేయించారంటే వారి పట్టింపు ఎంతటిదో ఊహించుకోవచ్చు.) తొర్తెల్లీనీ అనే చిన్న పాస్తా మడతల లోపల పందిమాంసం, చుట్టూ మాంసపు చారు. అందువల్ల బొలోన్యాలో ఉన్నన్ని రోజులూ అమ్మాయి వంటతో సరిపెట్టుకుని, బయటి తిండిని దక్షిణాది కోసం దాచుకోండి. వేగపు రైలు ఎక్కితే నాలుగు గంటల లోపే నేపుల్స్‌లో దిగవచ్చు.

దక్షిణాదినే ఎందుకు సూచిస్తున్నామంటే, అక్కడి సంప్రదాయ పాస్తాలో గట్టి దురుమ్ గోధుమ రవ్వ, నీళ్ళు తప్ప గుడ్డు ఉండదు; అక్కడి వంటల్లో ఎక్కువభాగం పేదల ఇళ్ళలో పుట్టినవి కావడంతో, పప్పుగింజలు, ఆకుకూరలు, వంకాయ, ఆలివ్ నూనెలతోనే అవి నిండుగా ఉంటాయి. పూల్యా ప్రాంతంలోని బారీ పాత పట్టణానికి వెళితే, ఇళ్ళ ముందు బల్లలు వేసుకుని ఆడవారు ఒరెక్యెత్తే అనే చిన్న దొప్పల వంటి పాస్తాను చేత్తో ఒత్తుతూ కనిపిస్తారు. దీనిని చీమె ది రాపా అనే, కాస్త చేదుగా ఉండే ఆకుకూరతో వండుతారు. అందులో మన నెత్తళ్ళ జాతికి చెందిన ఆంచోవీ చేపను తరచుగా వేస్తారు కనుక మీరు అడిగి తినాలి, మీవారు అడగకుండా తినవచ్చు. అదే ప్రాంతంలో ఫావే ఎ చికోరియే అని మరొకటి ఉంది: పొట్టు తీసిన ఎండు ఫావా చిక్కుడు గింజలను వెన్నలా మెత్తబడేదాకా ఉడికించి, పక్కన ఉడికించిన చికోరీ ఆకు పెట్టి, పైన పచ్చి ఆలివ్ నూనె ధారగా పోసి ఇస్తారు. చూడటానికి ఏమీ అనిపించదు గానీ, శాకాహారికి ఇటలీలో ఇంతకు మించిన పళ్ళెం లేదని మా అభిప్రాయం.

సిసిలీలో రాజ్యమంతా వంకాయది. కపొనాతాలో వేయించిన వంకాయ ముక్కలను సెలరీ, ఆలివ్ కాయలు, కేపర్ మొగ్గలు, టమాటాలతో కలిపి వెనిగర్, చక్కెర వేసి పులుపూ తీపీ సమంగా వచ్చేలా వండి, చల్లారాక తింటారు. కతానియా ఊరి పాస్తా అల్లా నోర్మాలో వేయించిన వంకాయ, టమాటా, ఉప్పు పట్టించి ఆరబెట్టిన రికోత్తా జున్ను ఉంటాయి. ఆ ఊరి సంగీతకారుడు బెల్లీని 1831లో ప్రదర్శింపజేసిన సంగీత నాటకం పేరే దీనికి పెట్టారంటారు. పలేర్మో వీధుల్లో శనగపిండిని ఉడికించి, ఆరబెట్టి, ముక్కలుగా కోసి నూనెలో వేయించిన పనెల్లేను రొట్టెలో పెట్టి ఇస్తారు. ఉత్తరాదిలో జెనోవా ఒక్కటే మీ మీద దయ చూపుతుంది: అక్కడి ఫరినాతా అంటే శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి రాగి పళ్ళెంలో పోసి కట్టెల పొయ్యిలో కాల్చినది, అంతే.

మీవారికి వెనిస్‌లో సార్దె ఇన్ సావోర్ తప్పక చెప్పండి. వేయించిన సార్డిన్ చేపలను ఉల్లిపాయ, వెనిగర్, ఎండుద్రాక్ష, పైన్ గింజలతో ఊరబెట్టి మర్నాడు తింటారు. రోమ్‌లో ఆగస్టు పండుగకు వండే కోడి, తీపి మిరపకాయల కూర దొరికితే అదీ మంచిదే.

చూపులకు శాకాహారంలా ఉండి మోసం చేసేవి కొన్ని ఉన్నాయి. మిలాన్‌లో కుంకుమపువ్వు వేసి వండే రిసొత్తో అనే అన్నంలో గొడ్డు మూలుగ, మాంసపు చారు ఉంటాయి. పన్నా కోత్తా అనే మీగడ మిఠాయిలో జంతువుల ఎముకలు, తోళ్ళ నుంచి తీసే జెలటిన్, తిరమిసూ అనే మరో మిఠాయిలో పచ్చి గుడ్డు పడతాయి. పర్మిజానో రెజ్జానో జున్నును దూడ పొట్టనుంచి తీసే, పాలను విరగగొట్టే రెన్నెట్‌తోనే చేస్తారు, పెస్తో పచ్చడిలోనూ ఆ జున్నే కలుస్తుంది. దీనికి అభ్యంతరం ఉంటే నేపుల్స్‌లో జున్ను లేని మరినారా పిజ్జా అడగండి. "సెన్జా కార్నే, సెన్జా పేషే, సెన్జా ఉవోవా" అంటే మాంసం, చేప, గుడ్డు లేకుండా అని. ఈ మూడు మాటలూ కాగితం మీద ఇటాలియన్‌లో రాయించుకుని దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న: ఇటలీ వంటలన్నీ చప్పగా ఉంటాయంటారు. కారం తినే ప్రాంతమే లేదా?
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఉంది; బూటు ఆకారపు దేశానికి బొటనవేలి చోట ఉన్న కలాబ్రియా. మనకు లాగే వారికీ మిరపకాయ అమెరికా ఖండం నుంచే వచ్చింది గానీ, ఇటలీలో దానిని వారంత సొంతం చేసుకున్నవారు లేరు. దియామాంతే అనే ఊళ్ళో సెప్టెంబరులో మిరపకాయల పండుగ కూడా చేస్తారు. స్పీలింగా ఊరి ఎర్రటి ఎందూయా ప్రసిద్ధమైనదే గానీ అది పందిమాంసంతో చేసే ముద్ద కనుక తిననివారు జాగ్రత్తపడాలి. పొరుగున ఉన్న బసిలికాతాలో సెనీసే ఊరి మిరపకాయలను దండలుగా గుచ్చి ఎండబెట్టి, ఆలివ్ నూనెలో క్షణకాలం వేయించి, మన చల్ల మిరపకాయల్లా నంజుకుంటారు. అయితే వాటికి కరకరే తప్ప కారం లేదు. రోమ్ దాటి వెళ్ళలేకపోతే పెన్నే అల్లరబ్బియాతా అనే పాస్తా అడగండి, టమాటా, వెల్లుల్లి, ఎండుమిర్చి ఉంటాయి. ఏదైనా గుంటూరు మిరపకాయ స్థాయికి రాదని ముందే అనుకుని వెళ్ళడం మేలు.

ప్రశ్న: ఇటలీలో భోజనాన్ని అంతిపాస్తో (ముందు తినే చిరువంటకం), ప్రీమో, సెకొందో (మాంసం లేదా చేపల వంటకం) అని వరుసగా తీసుకోవాలట. అన్నీ తెప్పించుకోకపోతే తప్పుగా చూస్తారా?
– ఒక పాఠకురాలు, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: చూడరు. శాకాహారులు ఒక ప్రీమో, అంటే పాస్తానో అన్నమో, దానితోపాటు ఒక కొంతోర్నో, అంటే కూరగాయల పళ్ళెం తెప్పించుకుంటే కడుపు నిండుతుంది. చాలా భోజనశాలలు మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో వంట ఆపి, మళ్ళీ రాత్రి ఏడున్నరకు గానీ మొదలుపెట్టవు. బిల్లులో కోపెర్తో పేరిట మనిషికి ఇంత అని కలిపితే అది పొరపాటు కాదు, రొట్టెకూ బల్లకూ తీసుకునే రుసుము.