మలబద్ధకానికి మంచి బ్యాక్టీరియా, పీచు, బి విటమిన్లు కలిసిన క్యాప్సూల్ కొనొచ్చా?

అన్నా, మీ నాన్నకు మలబద్ధకం, గ్యాస్ ఉన్నాయన్నారు. చాలా ఏళ్లుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నారన్నారు. మందుల షాపులో ఈ మూడూ కలిసిన క్యాప్సూల్ ఇస్తామన్నారట. దాన్ని కొనే ముందు బి12 రక్తపరీక్ష చేయించండి.

అనంతపురంలో మా అమ్మది కూడా ఇదే పరిస్థితి. కాళ్లు తిమ్మిర్లని చెబితే డాక్టరు మొదట రాసింది ఆ పరీక్షే. బాగా తక్కువ వచ్చింది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే కొందరిలో పేగు బి12ని సరిగ్గా పీల్చుకోదు. పైగా అమ్మ గుడ్డు, మాంసం ముట్టదు. ఆమెకు బి12 అందేది పాలు, పెరుగు నుంచే. మంచి బ్యాక్టీరియా మింగితే ఆ లోటు తీరుతుందనుకోవద్దు. మన పెద్దపేగులో బ్యాక్టీరియా బి12 తయారుచేసినా, ఒంటికి పట్టేది అంతకు ముందున్న చిన్నపేగు చివర్లోనే. పెద్దవాళ్లకు రోజుకు 2.2 మైక్రోగ్రాములు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. లోటు పడ్డాక ఆ కాస్త చాలదు, అమ్మకు ఇంజెక్షన్లే ఇచ్చారు. తిమ్మిర్లు మెల్లగా తగ్గాయి. నరాలు దెబ్బతినేదాకా ఆగితే మళ్లీ పూర్తిగా బాగవుతాయన్న నమ్మకం లేదు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

ఇక పీచు. పెద్ద క్యాప్సూల్లోనైనా పట్టే పొడి సుమారు ఒక గ్రామే. 100 గ్రాముల రాగిపిండిలో పీచు సుమారు 11 గ్రాములు. రాగి సంగటి, ఆకుకూర పప్పు తినే ఇంట్లో పీచు కోసం క్యాప్సూల్ ఎందుకు? మా అమ్మకు సంగటి, కొర్రన్నం మళ్లీ మొదలుపెట్టాం. రాత్రిపూట ఇసబ్‌గోల్ ఒక చెంచా, నిండు గ్లాసు నీళ్లలో. నీళ్లు తక్కువైతే అది గొంతులోనో పేగులోనో అడ్డంపడుతుంది, జాగ్రత్త. మిగతా మాత్రలకూ దానికీ రెండు గంటలు ఎడం ఉంచండి. సంగటి కూడా షుగర్ పెంచేదే, ముద్ద చిన్నది చేయండి. పీచు ఒక్కసారిగా పెంచితే గ్యాస్ ఎక్కువవుతుంది. ఇలాంటి క్యాప్సూళ్లలో తరచూ వేసే ఇన్యులిన్ అనే పీచు కూడా కొందరికి ఉబ్బరం తెస్తుంది.

బ్యాక్టీరియా సంగతికొస్తే, యాంటీబయాటిక్స్ వల్ల విరేచనాలు పట్టుకున్నప్పుడు కొన్ని రకాలు పనిచేస్తాయి. రోజూ ఉండే మలబద్ధకానికి అంత గట్టి ఆధారం లేదు. అయినా కొనాలనిపిస్తే డబ్బా మీద బ్యాక్టీరియా పేరు పూర్తిగా ఉందో లేదో, ఎంత చల్లదనంలో ఉంచమన్నారో చూడండి. మే నెలలో మన అనంతపురం ఎండకు బయట పెట్టిన డబ్బాలో ఎన్ని బతికుంటాయి? నేనైతే ఇంట్లో తోడుపెట్టిన పెరుగుకే ఓటేస్తా. క్యాన్సర్ మందుల్లాంటివి వాడుతూ రోగనిరోధకశక్తి తగ్గినవాళ్లు డాక్టర్ని అడగకుండా ఈ క్యాప్సూళ్లు అసలు వేసుకోకూడదు.

మెట్‌ఫార్మిన్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. మలంలో రక్తం కనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, ఈ మలబద్ధకం ఈమధ్యే కొత్తగా మొదలైనా, ఇసబ్‌గోల్‌తో కాలయాపన చేయకుండా ఈ వారంలోనే కడుపు డాక్టరుకి చూపించండి.